‘చేతులెత్తేశారు’ అన్న తరువాత: హాస్పిస్ చరిత్ర మన సంఘానికి నేర్పేది

వాక్యభాగం: లూకా 10:30–35; 2 తిమోతి 4:6–21



పట్నం ఆసుపత్రి నుంచి రోగిని ఇంటికి తెచ్చినప్పుడు, చూడవచ్చినవాళ్ళు "ఏమన్నారు?" అని అడుగుతారు. ఇంటివాళ్ళ జవాబు మన ఊళ్ళలో ఒక్కటే: "డాక్టర్లు చేతులెత్తేశారు." ఆ మాట తరువాత రెండు దారులే కనబడతాయి. ఒకటి ఇంకో ఆసుపత్రి, ఇంకో అప్పు, తాకట్టుకు వెళ్ళే పట్టాదారు పాసుపుస్తకం. రెండోది మంచం వసారాలో వేసి ఎదురుచూడటం. విశ్వాస కుటుంబమైతే మూడో దారి కూడా ఉంటుంది. లేవలేని మనిషిని ఆటోలో పడుకోబెట్టి స్వస్థత కూటాల వెంట తిప్పుతారు. ఈ మూడు దారుల్లోనూ ఒక ప్రశ్న తప్పిపోతుంది: ఈ మనిషికి నొప్పి ఎంత ఉంది? దాన్ని తగ్గించేవారెవరు?

సంఘ చరిత్రలో ఆ ప్రశ్న అడిగినవారున్నారు. వారు కట్టిన ఇంటికే ఇవాళ హాస్పిస్ అని పేరు. బాగుచేయలేని జబ్బుతో ఉన్నవారికి నొప్పి, ఆయాసం, పుండ్లు, భయం తగ్గించి, చివరి దినాలను మనిషిగా గడిపేలా చేసే సేవ అది. ఆ సేవ జబ్బు తొలి దశ నుంచే, మామూలు వైద్యంతో కలిసి నడిస్తే పాలియేటివ్ కేర్ అంటారు. మనవాళ్ళు కొందరు ఈ పేర్లు వినగానే "అది చావడానికి పంపే చోటు, అక్కడికి వెళ్తే విశ్వాసం వదులుకున్నట్టే" అంటారు. చరిత్ర ముందు ఆ మాట నిలవదు. ఆ ఇంటిని కట్టిందే విశ్వాసులు. ఎందుకు కట్టారో తెలిస్తే, దాని తలుపు ఎప్పుడు తట్టాలో మనకూ తెలుస్తుంది.

పూటకూళ్ళ ఇంటి నుంచి

మంచి సమరయుని కథలో గాయపడినవాని గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి, కట్లు కట్టి, తన పశువు మీద ఎక్కించి పూటకూళ్ళవాని ఇంటికి చేర్చాడు సమరయుడు. రెండు దేనారములు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. ఎన్నోసార్లు విన్న కథే. అయితే ఒక సంగతి గమనించండి. ఆ గాయపడినవాడు చివరికి బతికాడా లేదా అన్నది ప్రభువు చెప్పలేదు. ఆయన అడిగిన ప్రశ్న వేరు: పొరుగువాడైనది ఎవడు? ఫలితం తెలియకపోయినా పరిచర్య పరిచర్యే.

హాస్పిస్ అన్న పేరు కూడా పూటకూళ్ళ ఇంటిదే. లాటిన్‌లో ‘హోస్పెస్’ అంటే అతిథి, ఆతిథ్యమిచ్చేవాడు కూడా. హాస్పిటల్, హోటల్ అన్న మాటలు ఆ వేరు నుంచే పుట్టాయి. క్రీ.శ. 370 ప్రాంతంలో, కరవు తరువాత, కప్పదొకియలోని కైసరయ పట్టణం వెలుపల బాసిలు అనే బిషప్పు పేదలకు, రోగులకు, కుష్ఠురోగులకు ఒక పెద్ద ఆశ్రయం కట్టించాడు. అది ఇప్పటి టర్కీ దేశంలో ఉంది. మధ్యయుగాల్లో యెరూషలేము యాత్రికుల దారుల వెంట మఠాలవాళ్ళు ఇలాంటి సత్రాలు నడిపారు. నడవలేనివాళ్ళు అక్కడే ఆగేవారు, కొందరు అక్కడే కన్నుమూసేవారు.

తరువాత కాలం మారింది. 19వ శతాబ్దంలో యూరప్ నగరాల్లో ఆసుపత్రులు పెరిగాయి, వైద్యశాస్త్రమూ పెరిగింది. దానితో పాటు ఒక అలవాటు వచ్చింది. నయమయ్యేవారికే మంచం, నయం కానివారు బయటికి. ‘చేతులెత్తేయడం’ అప్పుడే పద్ధతిగా మారింది.

అప్పుడు ముందుకు వచ్చినవారిలో మొదటివారు స్త్రీలు. ఫ్రాన్సులోని లియోన్‌లో జాన్ గార్నియే భర్తనూ ఇద్దరు పిల్లలనూ పోగొట్టుకున్న విధవరాలు. ఆమె 1842లో తనలాంటి విధవరాండ్రను కూర్చి, ఎవరూ తీసుకోని రోగులను చూడటం మొదలుపెట్టింది. ఐర్లండులో మేరీ ఐకెన్‌హెడ్ స్థాపించిన సహోదరీల సంఘం, ఆమె మరణించిన ఇంటినే 1879లో డబ్లిన్ నగరపు హాస్పిస్‌గా తెరిచింది. వీరు రోమన్ కథోలికులు. ప్రొటెస్టంట్లమైన మనం ఆ రుణాన్ని ఒప్పుకోవాలి. 1893లో లండన్‌లో మెథడిస్టు మిషన్‌వారు సెయింట్ లూక్స్ అనే గృహం తెరిచారు. అది చావు దగ్గరపడిన పేదల కోసం. ఆ గృహం పేరు మన కథలో మళ్ళీ వస్తుంది.

ఒక నర్సు, 500 పౌండ్లు, ఒక కిటికీ

ఈనాటి హాస్పిస్‌కు రూపమిచ్చినామె సిసిలీ సాండర్స్. 1918లో ఇంగ్లండులో పుట్టింది. ఆక్స్‌ఫర్డ్ చదువు మధ్యలో ఆపి, రెండో ప్రపంచయుద్ధ కాలంలో నర్సయింది. వెన్ను నొప్పి వల్ల ఆ పని సాగక, ఆసుపత్రిలో రోగుల కుటుంబ అవసరాలు చూసే సామాజిక సేవికగా మారింది. 1945లో ప్రభువును తెలుసుకుంది.

లండన్ ఆసుపత్రిలో ఆమెకు డేవిడ్ టాస్మా అనే రోగి పరిచయమయ్యాడు. వార్సా నుంచి వచ్చిన యూదుడు. వయసు నలభై ఏళ్ళు, ఆపరేషన్‌కు అందని క్యాన్సర్, ఆ దేశంలో నా అన్నవాళ్ళు లేరు. తాను బతికి ఏమి మిగిల్చానన్న బాధ జబ్బుకంటే ఎక్కువగా అతన్ని తినేసింది. ఆమె అతని మంచం దగ్గర కూర్చునేది. ఒకరోజు ఆదరణ మాట చెప్పమని అడిగితే 23వ కీర్తన నోటికి చెప్పింది. ఇంకా చదువుతాననబోతే, పుస్తకంలోది వద్దు, నీ మనసులో ఉన్నది చెప్పు అన్నాడట. ఇలాంటి రోగుల కోసమే ఒక ఇల్లు ఉంటే ఎలా ఉంటుందని ఇద్దరూ మాట్లాడుకునేవారు. 1948 ఫిబ్రవరిలో అతను చనిపోయాడు. తనకున్న 500 పౌండ్లు ఆమెకు రాసిచ్చి, నీ ఇంట్లో నేనొక కిటికీనవుతానని చెప్పి వెళ్ళాడు.

ఇంకా కట్టని ఇంటికి కిటికీ ముందు వచ్చింది. గోడలు రావడానికి 19 ఏళ్ళు పట్టింది.

ఆ ఏళ్ళలో ఆమె చేసినది చూడండి. మెథడిస్టులు పెట్టిన ఆ సెయింట్ లూక్స్‌లోనే సాయంత్రాలు స్వచ్ఛందంగా పనిచేసింది. నర్సు మాట డాక్టర్లు వినరు, చావు దగ్గరపడినవారిని వదిలేసేది డాక్టర్లే గనుక నువ్వే డాక్టరువు కమ్మని ఒక సర్జన్ సలహా ఇచ్చాడు. 33వ ఏట వైద్యవిద్యలో చేరి 1957లో డాక్టరయింది. 1959లో కీర్తన 37:5 చదువుతుండగా, మొదలుపెట్టడానికి ఇదే సమయమని ఆమె హృదయంలో స్థిరపడింది. 1967లో లండన్‌లోని సిడెన్‌హాంలో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. క్రిస్టఫర్ ప్రయాణికుల పేరుతో ముడిపడిన పరిశుద్ధుడు. డేవిడ్ టాస్మా కిటికీ ఆ ఇంటి ముందుభాగంలో ఉంది. క్రైస్తవ పునాది మీద కట్టినా ఏ మతంవారినైనా, ఏ మతమూ లేనివారినైనా తీసుకున్నారు. 1969లో ఇళ్ళకు వెళ్ళి చూసే సేవ కూడా మొదలైంది. 2005లో ఆమె క్యాన్సర్‌తో అదే హాస్పిస్‌లో నిద్రించింది.

నొప్పి తగ్గించడం అవిశ్వాసమా?

సెయింట్ లూక్స్‌లో సాండర్స్ నేర్చుకున్న ముఖ్యమైన సంగతి గడియారం. అప్పట్లో ఆసుపత్రుల్లో రోగి నొప్పి భరించలేక కేక వేస్తేనే మార్ఫిన్ ఇచ్చేవారు. అలవాటు పడతారన్న భయం. సెయింట్ లూక్స్‌లో మాత్రం నాలుగేసి గంటలకు ఒకసారి, నొప్పి తిరిగి రాకముందే, నోటి ద్వారా ఇచ్చేవారు. 1958 నుంచి లండన్‌లోని సెయింట్ జోసెఫ్స్ హాస్పిస్‌లో ఆమె ఇదే పద్ధతిని వందలమంది రోగుల్లో జాగ్రత్తగా నమోదు చేసింది. సరిగా ఇస్తే రోగి మత్తులో పడిపోడని, మోతాదు అదుపు లేకుండా పెరిగిపోదని, మెలకువగా ఉండి మాట్లాడతాడని చూపించింది.

నొప్పి ఒళ్ళొక్కదానిదే కాదని కూడా ఆమె చెప్పింది. శరీరానికి, మనసుకు, కుటుంబానికి, ఆత్మకు కలిపి ఒకటే నొప్పి. కూతురి పెళ్ళి కాలేదన్న దిగులు, అన్నదమ్ముల మధ్య ఆగిపోయిన మాటలు, దేవుడు నన్నెందుకు విడిచాడన్న ప్రశ్న, ఇవన్నీ రాత్రి నొప్పిగానే బయటికొస్తాయి. అందుకే హాస్పిస్‌లో డాక్టరు, నర్సు, సామాజిక సేవకుడు, కాపరి ఒకే జట్టుగా పనిచేస్తారు.

సిలువ మీద ప్రభువు బోళము కలిపిన ద్రాక్షారసం పుచ్చుకోలేదు గదా (మార్కు 15:23), మనం నొప్పి మందు పుచ్చుకోవచ్చా అని అడిగేవారున్నారు. ఆయన లోకపాపం మోస్తూ ఆ గిన్నె తాగాడు. మన క్యాన్సర్ నొప్పి ఎవరి పాపాన్నీ మోయదు. సామెతలు 31:6 చదవండి. నశించబోయేవానికి, మనోవ్యాకులంలో ఉన్నవానికి ఉపశమనం ఇమ్మనే లేఖనం చెప్తోంది. హిజ్కియా రాజు ప్రార్థించాడు, ప్రవక్త అంజూరపు ముద్ద కూడా వేయమన్నాడు (యెషయా 38). ప్రార్థనా మందూ ఒకే ఇంట్లో ఉండొచ్చు.

హాస్పిస్ ప్రాణం తీయదు. చావును తొందరపెట్టడానికి సాండర్స్ జీవితాంతం వ్యతిరేకి. చావును తొందరపెట్టకూడదు, రావలసిన చావును యంత్రాలతో బలవంతంగా ఆపి రోగిని హింసించనూ కూడదు అన్నది ఆమె దారి.

మన దేశంలో దారి ఎందుకు ఆలస్యమైంది?

మన దేశంలో మొదటి హాస్పిస్ శాంతి అవేదన. 1986లో బొంబాయి బాంద్రాలో డాక్టర్ డిసౌజా ఆధ్వర్యంలో తెరిచారు. అయితే అదే దశకంలో ఒక అడ్డంకీ వచ్చింది. మార్ఫిన్ నల్లమందు నుంచి తయారవుతుంది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో రైతులు పండిస్తారు, మన దేశం ఎగుమతి చేస్తుంది. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం మత్తు వ్యాపారాన్ని ఆపడానికి చేసింది. కాని ఆసుపత్రులకు కూడా లైసెన్సు మీద లైసెన్సు కావలసి వచ్చింది. జైలు భయంతో మందుల షాపులు, డాక్టర్లు మార్ఫిన్ ఉంచడమే మానేశారు. పన్నెండు పదమూడేళ్ళలో దేశంలో వైద్యానికి వాడే మార్ఫిన్ తొంభై శాతానికి పైగా పడిపోయింది. పొలం మనది, పంట మనది, మన రోగికి మాత్రం మందు లేదు.

మలుపు కేరళలో వచ్చింది. 1993లో కాలికట్ వైద్య కళాశాలలో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ మొదలైనవారు ఒక చిన్న సొసైటీ పెట్టారు. తరువాత ఊరివాళ్ళే శిక్షణ పొంది, ఇళ్ళకు వెళ్ళి మంచాన పడ్డవారిని చూసుకునే పద్ధతి మలప్పురం ప్రాంతంలో పెరిగింది. 2008లో కేరళ ప్రభుత్వం దీన్ని విధానంగా ప్రకటించింది. పోరాటం ఫలించి 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులకు మార్ఫిన్ సులువుగా దొరికే దారి తెరిచింది.

మన తెలుగు నేలమీదా ఈ సేవ ఉంది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది. 2011 నుంచి స్పర్శ్ హాస్పిస్ నడుస్తోంది. తెలంగాణ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేంద్రాలు, ఇళ్ళకు వచ్చే ‘ఆలన’ వాహనాలు ఏర్పడ్డాయి. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్‌వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అన్ని మండలాలకూ ఇవి అందవు, నిజమే. కాని అడిగితే దొరికే చోట కూడా మనవాళ్ళు అడగడం లేదు.

ఎప్పుడు అడగాలి?

అమెరికాలో 1982లో ప్రభుత్వం హాస్పిస్ ఖర్చు భరించే చట్టం చేసినప్పుడు ఒక గీత గీసింది. ఆరు నెలలకు మించి బతకరని డాక్టర్లు రాయాలి, నయంచేసే వైద్యం మానుకోవాలి. ఆ నియమం అక్కడి లెక్కల కోసం పుట్టింది. కాని హాస్పిస్ అంటే ఆఖరి ఘడియ అన్న భావం దానివల్ల బలపడింది. పాలియేటివ్ కేర్‌కు అంతవరకు ఆగనక్కరలేదు. 2010లో బోస్టన్ డాక్టర్లు ఒక పరిశోధన ప్రచురించారు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిలో సగంమందికి మామూలు వైద్యంతో పాటు మొదటి నుంచే పాలియేటివ్ కేర్ ఇచ్చారు. వారికి బాధ, దిగులు తగ్గాయి. చివర్లో తీవ్రమైన చికిత్సలు తక్కువ తీసుకున్నారు. అయినా రెండు నెలలకు పైగా ఎక్కువ బతికారు. ముందుగా అడిగినవారు ఏమీ పోగొట్టుకోలేదు.

కాబట్టి ఈ గుర్తులు కనబడితే ఆగకండి. ఈ జబ్బు పూర్తిగా పోదని డాక్టరు చెప్పినప్పుడు. నొప్పి, ఆయాసం, వాంతులు నిద్రను చెడగొడుతున్నప్పుడు. నెలకు రెండు మూడుసార్లు ఆసుపత్రిలో చేరవలసి వస్తున్నప్పుడు. పగలు సగానికి పైగా మంచం మీదే గడిచినప్పుడు. చికిత్స వల్ల కలిగే కష్టం జబ్బు కష్టాన్ని మించినప్పుడు. అన్నిటికంటే ముఖ్యంగా, రోగే స్వయంగా "ఇక చాలు, ఇంటికి తీసుకెళ్ళండి" అన్నప్పుడు.

ఇక్కడ పౌలును చూడండి. ఆయన చేతుల మీదుగా స్వస్థతలు జరిగాయి. అయినా త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచి వచ్చానని దాచకుండా రాశాడు (2 తిమోతి 4:20). త్రోఫిముకు విశ్వాసం లేదని ఒక్క మాట అనలేదు. తన నిర్గమన సమయం దగ్గరపడిందని తెలిసిన పౌలు ఏమి కోరాడు? త్రోయలో విడిచిన అంగీ, పుస్తకాలు, చలికాలం రాకముందే తిమోతి, మార్కు. ఒంటికి వెచ్చదనం, మనసుకు పుస్తకం, పక్కన మనుషులు. ఆ సమయంలో ఆయన దగ్గర మిగిలినవాడు ఒక్క లూకా. కొలొస్సయులకు రాసిన పత్రిక అతన్ని వైద్యుడంటుంది. పౌలును మరణం నుంచి తప్పించడం ఆ వైద్యుని వల్ల కాదు. అయినా అతను చేతులెత్తేయలేదు, దగ్గరే ఉన్నాడు.

ఎలా అడగాలి?

డాక్టరు దగ్గర మూడు ప్రశ్నలు అడగండి. ఈ చికిత్సతో జబ్బు పోతుందా, కొంతకాలం అదుపులో ఉంటుందా? దీనివల్ల ఎంత బాధ, ఎంత ఖర్చు? పాలియేటివ్ విభాగానికి కాగితం రాసిస్తారా? రిపోర్టులన్నీ ఒక సంచిలో ఉంచుకోండి. ఆశా కార్యకర్తను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని, జిల్లా ఆసుపత్రిని అడగండి. మార్ఫిన్ రాస్తే భయపడకండి, మోతాదు మీరు మార్చకండి, మలబద్ధకానికి మందు కూడా అడగండి.

రోగికి నిజం దాచకండి. మన ఇళ్ళలో ప్రేమతోనే దాస్తారు. కాని యాకోబు తన సమయం వచ్చిందని తెలిసి పన్నెండుగురు కుమారులను పిలిచి దీవించాడు (ఆదికాండము 49). తెలియనివాడు దీవించలేడు, క్షమాపణ అడగలేడు, ఆస్తి సంగతి చెప్పలేడు. ఎంతవరకు తెలుసుకోవాలనుందో ముందు ఆయన్నే అడిగి, మెల్లగా చెప్పండి. ఐసీయూ, వెంటిలేటర్ వద్దనుకునేవారు ఆ మాట ముందుగా రాసిపెట్టుకోవచ్చని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు సంతకం చాలు. అది ఆత్మహత్య కాదు.

సంఘానికి కూడా పని ఉంది. సన్నిధికి వచ్చి గట్టిగా ప్రార్థించి వెళ్ళిపోవడం సరిపోదు. రాత్రి కాపలాకు వంతులు వేసుకుందాం. పడకపుండ్లు రాకుండా రోగిని పక్కకు తిప్పడం యౌవనస్థులు నేర్చుకోవాలి. భార్య ఒక పూట నిద్రపోయేలా స్త్రీల సమాజం కూర్చోవచ్చు. స్వస్థత కోసం ప్రార్థన చేద్దాం, మానొద్దు. కాని స్వస్థత రాకపోతే ఆ కుటుంబం మీద అవిశ్వాసమనే నింద మాత్రం వేయవద్దు. నొప్పితో ఉన్నవాని మీద నింద మోపిన స్నేహితులను దేవుడు ఎలా గద్దించాడో యోబు గ్రంథం చివర ఉంది.

ప్రార్థన: ప్రభువా, సమాధి దగ్గర కన్నీరు విడిచినవాడా, మా మధ్య మంచాన ఉన్నవారిని జ్ఞాపకం చేసుకో. వారి నొప్పిని చూసే కళ్ళు, సమయం తెలుసుకునే జ్ఞానం, చివరివరకు పక్కన కూర్చునే ఓర్పు మాకు దయచేయి. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.